పదిహేనేళ్లకు మంత్రాల పుస్తకమా?

మీ ఇంట్లో పిల్లలు ఏం చదువుతున్నారని కిందటి నెల అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో సగం ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. మాంత్రికులు, డ్రాగన్లు, శాపాలు, వేరే లోకాలు నిండిన టీనేజ్ ఫాంటసీ నవలలు. ఏళ్ల తరబడి బడి లైబ్రరీలో పిల్లల మధ్య గడిపిన మనిషిని కాబట్టి ఈ ఉత్తరాలు నాకు బాగా దగ్గరివి. ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. సోషల్‌లో నాలుగు పేజీలు చదవమంటే తలనొప్పి అంటుంది. ఏడొందల పేజీల ఇంగ్లిషు మంత్రాల పుస్తకం మాత్రం మూడు రోజుల్లో అవగొడుతుంది. అన్నం తినేటప్పుడు కూడా కంచం పక్కన అదే. అందులో అంతగా ఏముందండీ? ఎలా మాన్పించాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: మాన్పించకండమ్మా. పదో తరగతి కాబట్టి ఏ వేళ చదవాలి, ఎంతసేపు చదవాలి అన్నది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పుస్తకాన్ని మాత్రం లాక్కోకండి. అందులో ఏముందని అడిగారు గనక ఒక పుస్తకం విప్పి చూపిస్తాను.

అర్సులా లెగ్విన్ అనే అమెరికన్ రచయిత్రి 1968లో 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' అనే నవల తెచ్చారు. పదకొండేళ్లు దాటిన పిల్లల కోసం ఏదైనా రాయమని ఒక ప్రచురణకర్త ఆవిడను అడిగారు. అప్పటిదాకా కథల్లో మాంత్రికుడంటే నెరిసిన గడ్డమే. ఆ ముసలాయన కూడా ఒకప్పుడు కుర్రవాడేగా, ఆ విద్యంతా ఎక్కడ నేర్చుకుని ఉంటాడు అని ఆవిడ ఆలోచించారు. అలా పుట్టినవాడు గెడ్. మేకలు కాచుకునే పల్లెటూరి పిల్లాడు, తల్లి లేదు. మాంత్రికుల బడిలో చేరతాడు. తెలివి ఉంది, పొగరూ ఉంది. తోటి విద్యార్థి ఎగతాళి చేశాడని పంతానికి పోయి, చచ్చినవాళ్లను పిలిచే మంత్రం అందరి ముందూ చదువుతాడు. ఎదురుగా చీకటి చీలుతుంది. ఆ చీలికలోంచి నల్లటి నీడ ఒకటి దూకి అతని ముఖాన్ని రక్కేస్తుంది. చీలికను మూయడానికి బడి పెద్దాయన తన ప్రాణం ధారపోస్తాడు. గెడ్ ముఖం మీద మచ్చలతో బతుకుతాడు. నీడ లోకంలోనే ఉండిపోతుంది. అక్కణ్ణుంచి కథంతా ఆ నీడకు భయపడి పారిపోవడం, పారిపోలేక వెనక్కి తిరిగి దాన్నే తరమడం. చివరికి ఏమవుతుందో, మీ అమ్మాయి చదివి ఉంటే ఆమెనే అడగండి.

ఇప్పుడు ఆ వయసు పిల్ల వైపు నుంచి చూడండి. కోపంలో స్నేహితురాలి గురించి ఒక మాట క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. క్షణంలో తుడిపేసింది గానీ అప్పటికే అందరూ చూశారు. మర్నాడు బడికి వెళ్లాలి. ఆ మాట నల్లటి నీడలా వెంటబడుతుంది. అమ్మతో చెప్పలేదు, టీచరుతో చెప్పలేదు. తన చేతిలోంచి జారిన దాన్ని తనే వెళ్లి పట్టుకోవాలి. ఆ రాత్రి చదివే పుస్తకంలో తన ఈడువాడు ఒకడు పడవెక్కి, నడిసముద్రంలో తన నీడ కోసం వెతుకుతుంటే ఆ పిల్లకు నిద్ర ఎలా వస్తుంది?

ఇంకొకటి చెప్పనివ్వండి. మన ఇళ్లలో పదిహేనేళ్ల పిల్లలకు మనం అప్పజెప్పే బాధ్యత ఒక్కటే, మార్కులు. ఏ గ్రూపు తీసుకోవాలో, ఏ కాలేజీలో చేరాలో, హాస్టల్లో ఉండాలో ఇంట్లో ఉండాలో అన్నీ పెద్దలే తేలుస్తారు. ఆ పుస్తకాల్లో మాత్రం తన వయసు పిల్ల తీసుకునే నిర్ణయం మీద ఒక ఊరి ప్రాణం ఆధారపడి ఉంటుంది. తప్పు చేస్తే మనుషులు పోతారు, పోయినవాళ్లు తిరిగి రారు. ఆ బరువు కోసమే పిల్లలు ఆ పుస్తకాలు పట్టుకుంటారని నా గట్టి నమ్మకం. మోయడానికి భుజాలు వచ్చేశాయి, మోయనిచ్చేవాళ్లే లేరు.

ఒంట్లో, మనసులో వచ్చే మార్పుల సంగతి కూడా ఉంది. ఫిలిప్ పుల్‌మన్ 1995లో రాసిన 'నార్తర్న్ లైట్స్' లోకంలో ప్రతి మనిషి ఆత్మా ఒక జంతువు రూపంలో పక్కనే తిరుగుతూ ఉంటుంది. పిల్లల ఆత్మ రోజుకు పది రూపాలు మారుస్తుంది. ఇప్పుడు పిల్లి, ఇంకాసేపటికి చిమ్మట, ఆపైన పక్షి. పెద్దయ్యేకొద్దీ ఆ మారడం ఆగిపోయి ఏదో ఒక్క రూపంలో కుదురుకుంటుంది. ఏ రూపంలో అన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఇంటర్లో ఏం తీసుకుంటావని చుట్టాలందరూ అడిగే ఏడాదిలో మీ అమ్మాయి ఇలాంటిది చదువుతోంది. నేనేం అవుతాను అన్న దిగులును ఆ పుస్తకం పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుతుంది.

ఒక పని చేసి చూడండి. రేపు రాత్రి భోజనాల దగ్గర, ఎక్కడిదాకా వచ్చింది కథ అని అడగండి. నీతి ఏమిటని మాత్రం అడగొద్దు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఇంకా ఈ మంత్రాల కథలేంట్రా, చిన్నపిల్లాడివా అని మా క్లాసువాళ్లు నవ్వుతారు. ఇప్పుడు పుస్తకానికి అట్ట వేసి దాచి చదువుతున్నాను. నిజంగానే ఇవి చిన్నపిల్లల పుస్తకాలా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: అట్ట తీసెయ్ నాన్నా. ఇదే మాట పెద్దపెద్దవాళ్లకూ ఎదురైంది. జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఇంగ్లిషు భాషకు ఆచార్యుడు. 1939లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో మాయాలోకపు కథల గురించి ప్రసంగించాడు. ఇవి జీవితం నుంచి పారిపోవడానికి పనికొచ్చే కథలు అనేవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. ఖైదులో పడ్డవాడు ఇంటికి వెళ్లాలని తపించడాన్ని, సైనికుడు యుద్ధం వదిలి పారిపోవడంతో కలిపేసి చూడొద్దన్నాడు. గోడల అవతలి లోకం గురించి ఆలోచించే ఖైదీది తప్పెలా అవుతుంది?

నీకు ఇంకో సంగతి. పుల్‌మన్ 'నార్తర్న్ లైట్స్' వరసలో రాసిన మూడో భాగం 'ది ఆంబర్ స్పైగ్లాస్' పెద్దల నవలలతో, జీవిత చరిత్రలతో పోటీపడి బ్రిటన్‌లో 2001 సంవత్సరానికి విట్‌బ్రెడ్ ప్రధాన బహుమతి గెలిచింది. పిల్లల కోసం వచ్చిన పుస్తకానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. నవ్వే స్నేహితుల్లో ఒకడికి నీ పుస్తకం ఇచ్చి మొదటి మూడు అధ్యాయాలు చదవమను. వాడు తిరిగివ్వకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయి.

ప్రశ్న: మా వాడి గదిలో ఉన్న పుస్తకాలు తిరగేశాను. దాదాపు అన్నింట్లో తల్లిదండ్రులు చనిపోయి ఉంటారు, లేదా ఎందుకూ కొరగానివాళ్లై ఉంటారు. పిల్లలు పెద్దల మాట వినకుండా అర్ధరాత్రి గోడలు దూకుతారు. ఇవి చదివి మా మీద గౌరవం పోదా? మన సంస్కృతిలో ఇలాంటివి లేవు కదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు పుస్తకాలు తిరగేసి మరీ రాశారు, అందుకు మీకు నమస్కారం. చాలామంది అట్ట చూసి ఆగిపోతారు.

తల్లిదండ్రులు పక్కన ఉంటే కథ నడవదు. ఇంట్లోకి పాము వస్తే పిల్లాణ్ణి మంచం ఎక్కించి కర్ర మీరే పట్టుకుంటారు కదా. కర్ర పిల్లాడి చేతికి రావాలంటే ఆ పూట మీరు ఇంట్లో ఉండకూడదు. రచయితలు అమ్మానాన్నలను తప్పించేది అందుకే.

మన సంస్కృతిలో లేవన్నారు. మీ వయసువారు 'చందమామ' చదవకుండా పెరిగి ఉండరు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు అందులో వరసగా జానపద సీరియళ్లు రాశారు. 'ముగ్గురు మాంత్రికులు', 'పాతాళ దుర్గం', 'శిథిలాలయం', 'భల్లూక మాంత్రికుడు'. చిత్రా గారి బొమ్మలు. సీరియల్ మీద రచయిత పేరు కూడా ఉండేది కాదు, ఆ కథలు రాసిందెవరో తెలియకుండానే తరాలు పెరిగాయి. వాటిలో యువకులు ఇల్లు విడిచి అడవుల పాలవుతారు, కొండగుహల్లో దూరతారు, మాంత్రికుల చేతికి చిక్కుతారు. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి వెంట ఎవరి నాన్న వెళ్లాడు? మా నాన్నగారు ఆ సీరియల్ పేజీలు నెలనెలా జాగ్రత్తగా విడదీసి, కథ ముగిశాక దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో పాత క్యాలెండర్ అట్ట అంటించేవారు. ఆ కుట్టుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. మధ్యలో ఒక నెల సంచిక దొరకలేదు. అక్కడ తెల్లకాగితం పెట్టి, జరిగిన కథ ఇదై ఉంటుందని తన చేతిరాతతో పది వాక్యాలు రాశారు. అడవుల్లోకి వెళ్లే కుర్రాళ్ల కథ చదివితే కొడుకులు చెడిపోతారని ఆయన అనుకోలేదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. ధ్రువుడికి అయిదేళ్లు. తండ్రి ఒడిలోంచి సవతితల్లి దించేస్తే అడవికి బయల్దేరాడు. మధ్యలో నారదుడంతటివాడు వచ్చి ఇంటికి వెళ్లిపొమ్మన్నా వినలేదు. నచికేతుడి సంగతి మరీ చిత్రం. విసుగులో తండ్రి, నిన్ను మృత్యువుకు ఇచ్చేశాను పో అన్నాడు. పిల్లాడు నిజంగానే యముడి గుమ్మంలోకి వెళ్లి మూడు రాత్రులు అన్నం లేకుండా కూర్చున్నాడు. యముడు నొచ్చుకుని మూడు వరాలు కోరుకోమన్నాడు. అంత పెద్ద అవకాశంలో మొదటి వరంగా ఆ పిల్లాడు ఏం అడిగాడో గుర్తుందా? మా నాన్నకు నా మీద కోపం పోవాలి, నేను తిరిగి వెళ్లినప్పుడు నన్ను ప్రేమగా పలకరించాలి అని.

ఈ మాట మనసులో పెట్టుకుని హ్యారీ పోటర్ మొదటి భాగం చదవండి. 1997లో వచ్చిన పుస్తకం. పదకొండేళ్ల హ్యారీ అర్ధరాత్రి బడిలో తిరుగుతూ, తనూ నచికేతుడూ ఒక్కటే అనిపించే చోటికి వస్తాడు. అక్కడొక పాత గదిలో నిలువెత్తు అద్దం. మనిషి గుండెలో అన్నిటికన్నా లోతుగా ఉన్న కోరికను ఆ అద్దం చూపిస్తుంది. పక్కవాడు చూస్తే ఆటల్లో గెలిచిన కప్పుతో తను కనిపిస్తాడు. హ్యారీ చూస్తే వెనక నిలబడి నవ్వుతున్న అమ్మానాన్న. మర్నాడు రాత్రి మళ్లీ వెళ్తాడు, ఆ మర్నాడూ వెళ్తాడు. చలికి వణుకుతూ నేల మీద కూర్చుని వాళ్లనే చూస్తూ ఉంటాడు. తల్లిదండ్రుల మీద గౌరవం పోగొట్టే పుస్తకం ఇలా రాస్తుందా? మీ వాడు ఆ అధ్యాయం చదివిన రాత్రి మీ గది తలుపు దగ్గరికి ఊరికే వచ్చి వెళ్లి ఉంటాడని నా ఊహ.

ప్రశ్న: మేం డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. మనవడికి పదకొండేళ్లు. వాడికి అక్షరాలు సరిగా కుదురుకోవు, డిస్‌లెక్సియా అన్నారు. అలాంటివాడు పెర్సీ జాక్సన్ పుస్తకాలు పట్టుకుని వదలడం లేదు. గ్రీకు దేవుళ్ల పేర్లన్నీ నోటికి వచ్చు. అర్జునుడెవరంటే తెల్లమొహం వేస్తాడు. నాకు బాధగా ఉంది.
– ఒక నాయనమ్మ

జవాబు: అమ్మా, మీ మనవడు ఆ పుస్తకాన్ని ఎందుకు వదలడం లేదో నేను చెప్పగలను. ఆ కథ మొదట అలాంటి పిల్లాడి కోసమే పుట్టింది. రచయిత రిక్ రయర్డన్ అప్పట్లో బడిపంతులు. ఆయన కొడుక్కి డిస్‌లెక్సియా, కుదురుగా కూర్చోలేని ఇబ్బంది రెండూ ఉన్నాయి. రాత్రిపూట కొడుక్కి గ్రీకు పురాణ కథలు చెప్పేవాడు. ఉన్న కథలన్నీ అయిపోయాక ఇంకా చెప్పమంటే పెర్సీని కల్పించాడు. 2005లో అది మొదటి పుస్తకంగా వచ్చింది. అందులో పెర్సీకి ఇంగ్లిషు అక్షరాలు పేజీ మీద ఈదుతున్నట్టుంటాయి, ఎందుకంటే అతని మెదడు ప్రాచీన గ్రీకు చదవడానికి తయారైంది. బెంచీ మీద కుదురుగా ఉండలేడు, అది యుద్ధంలో ప్రాణం కాపాడే చురుకు. బడిలో ఏది లోపమన్నారో అదే అతను దేవుడి బిడ్డ అనడానికి గుర్తు. మీ మనవడికి ఆ పేజీ ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఆలోచించండి. మా లైబ్రరీలో గట్టిగా చదవమంటే బల్ల కింద దూరే పిల్లాడొకడు ఉండేవాడు. ఈ పుస్తకం కోసం మాత్రం తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. ఒక్కో వాక్యం కింద స్కేలు పెట్టుకుని నెలన్నర పాటు చదివాడు, పూర్తి చేశాడు.

అర్జునుడి సంగతికి వద్దాం. ఆ రయర్డన్ పేరు మీదే వేరే దేశాల పురాణాల నవలల వరస ఒకటి మొదలైంది. 2018లో అందులో మొదటగా వచ్చింది రోషనీ చోక్షీ రాసిన 'ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్'. అమెరికాలో, అట్లాంటాలో, పన్నెండేళ్ల ఆరూ తన తల్లి నడిపే మ్యూజియంలో వెలిగించకూడని దీపం వెలిగిస్తుంది. పాండవుల ఆత్మలు ఈ కాలపు ఆడపిల్లలుగా మళ్లీ పుట్టాయని అప్పుడు తెలుస్తుంది. వాళ్లకు దారి చూపించడానికి వచ్చే పావురం పూర్వజన్మలో ఎవరో తెలిస్తే మీరు ఉలిక్కిపడతారు. శకుని! మొత్తం అయిదు భాగాలు. అందులో ఇది మన భారతంలో లేదే అనిపించే చోట్లు చాలా వస్తాయి. అక్కడ కోప్పడకండి, అక్కడే మీ పని మొదలవుతుంది. మా ఊళ్లో ఈ కథ ఇలా చెబుతారురా అని తెలుగులో చెప్పండి. వాడు రెండు కథలూ పోల్చి మీతో వాదిస్తాడు. వాదించనివ్వండి. అక్షరాలు మొరాయిస్తాయి గానీ చెవులు బాగానే పనిచేస్తాయి వాడికి.

ప్రశ్న: అట్ట మీద డ్రాగన్, కిరీటం చూసి పన్నెండేళ్ల మా పాపకు ఒక నవల కొన్నాను. నేను తెరిచి చూస్తే పెద్దవాళ్లు చదవాల్సిన సన్నివేశాలు ఉన్నాయి. ఎలా తెలుసుకోవడం?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ఈ ఇబ్బంది నిజమే, మీ పొరపాటు లేదు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు రాసేవి ఒక రకం, పన్నెండు దాటినవాళ్లకు రాసే యంగ్ అడల్ట్ ఇంకో రకం. ఈ మధ్య పెద్దల కోసం శృంగారం కలిపి రాసే ఫాంటసీ బాగా పెరిగింది. మూడింటి అట్టలూ ఒకేలా ఉంటున్నాయి. సారా జె. మాస్ రాసిన 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015లో టీనేజ్ నవలగా వచ్చింది, 2020లో అట్ట మార్చి పెద్దల పుస్తకంగా తెచ్చారు. కథానాయిక వయసు చూడండి. పదిహేడు దాటితే మీరు ముందు చదవండి, మొదటి యాభై పేజీలతో సరిపెట్టకుండా మధ్యలోవి కూడా. షాపులో అడిగేటప్పుడు ఫాంటసీ కావాలని కాకుండా పన్నెండేళ్ల పిల్లకు కావాలని అడగండి.

ప్రశ్న: తెలుగులో టీనేజ్ పిల్లల కోసం ఫాంటసీ నవల రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టినా హ్యారీ పోటర్‌కు పంచె కట్టినట్టు వస్తోంది. ఏం చేయాలి?
– ఒక యువకుడు, అనంతపురం

జవాబు: మీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల చేతిలో పెట్టడానికి కొత్త తెలుగు ఫాంటసీ ఏదని అడిగితే బీరువా ముందు ఎన్నోసార్లు నిస్సహాయంగా నిలబడ్డాను. చిట్టి కథలున్నాయి, పెద్దల నవలలున్నాయి. మధ్యలో ఖాళీ.

బడి, మంత్రదండం, చీపురుకట్ట పక్కన పెట్టేయండి. మనకు మన సరుకుంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీ మజిలీ కథలు' చూడండి. కాశీకి నడిచి వెళ్తూ మణిసిద్ధుడు ఒక్కో మజిలీలో గొల్లపిల్లాడికి కథ చెబుతాడు. దారిలో కనిపించిన వింతేమిటని పిల్లాడు అడగడం, ఆయన చెప్పడం. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' సినిమాకు మూలం అక్కడే ఉంది. తోటమాలి కొడుకు రాకుమారిని కోరుకున్నాడన్న ఒక్క ముక్కలో ఎంత కథ ఉందో చూడండి.

ఇక మాయ సంగతి. మంత్రానికి ఖరీదు ఉండాలి. ఊరికే పనిచేసే మంత్రంతో రెండో అధ్యాయానికే కథ అయిపోతుంది. లెగ్విన్ లోకంలో ఒక దీవి మీద వాన కురిపిస్తే ఇంకో దీవికి కరువు రావచ్చు. అందుకే తెలిసిన మాంత్రికుడు మంత్రం చదవడానికి వెనకాడతాడు. ఇది చదివినప్పుడల్లా నాకు మీ జిల్లా గుర్తొస్తుంది. మన పల్లెల్లో వాన కోసం కప్పను రోకలికి కట్టి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకుంటారు. గుడిలో విరాటపర్వం చదివిస్తారు. మంత్రం ఎలా ఉండాలో వేరే ఎక్కడా వెతకక్కర్లేదు.

భాష గురించి ఒక్క మాట. రాజులున్నారని గ్రాంథికంలోకి పోకండి. కొడవటిగంటి కుటుంబరావు గారు 'చందమామ'ను నడిపిన ఏళ్లలో రాక్షసుడు కూడా మామూలు తెలుగే మాట్లాడాడు. మీ పిల్లలు మీ ఊరి యాసలోనే పోట్లాడుకోనివ్వండి.

ఇలా మొదలుపెట్టి చూడండి. మీ ఊళ్లో పదిహేనేళ్ల పిల్ల. కప్పను మోసిన రోజు తను పాట అందుకుంటే నిజంగానే వాన పడింది. ఊరంతా పండగ. నాలుగు రోజుల తర్వాత పక్క ఊరి నుంచి ఆమె మేనమామ వస్తాడు. ఆ వాన పడిన రోజే తమ చెరువు ఉన్నట్టుండి ఎండిపోయిందని, చేపలు బురదలో కొట్టుకుంటున్నాయని చెబుతాడు. వాన ఎవరు తెచ్చారో ఆ ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు. వేరుశనగకు ఇంకో వాన కావాలి. వాళ్ల నాన్న ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆ పిల్ల ఏం చేస్తుందో రాసి నాకు పంపండి.